చిటికెడు మేడం గంట

ముందుగా ఒక అన్యాయం సంగతి చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో సగం ఇళ్ళకి వీధి తలుపు పక్కన ఒక గుండ్రటి గంట ఉంటుంది. బొత్తాం నొక్కితే 'టింగ్' అని మర్యాదగా మోగుతుంది. దానికి బ్యాటరీ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తుండదు, కరెంటు అంత తక్కువ తింటుంది. ఆ గంట లోపలి సర్క్యూటు గీసింది, కూర్చింది, మోగేదాకా దానితో కాపురం చేసింది గంటల ఫ్యాక్టరీలో ఇంజినీరైన వదినగారు. వెనక రేకు మీద, వీధి అవతలి నుంచి కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఉన్న పేరు మాత్రం ఫ్యాక్టరీ పెద్దసారుది. దీన్ని అన్యాయం అంటారు. వేరే ముద్దుపేర్లు పెట్టక్కర్లేదు.

ఆ రేకు మొదటిసారి చేతికిచ్చినప్పుడు వదినగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అక్షరాలు ఇంకాస్త తగ్గిస్తే బాగుండేదండీ," అన్నారట. అంతే. ఆవిడ జరిపిన ఉద్యమం మొత్తం అదే.

ఆవిడ జబ్బు కూడా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఇంకాస్త తగ్గిద్దాం. టీ ఇస్తే సగం వెనక్కి పోసెయ్యమంటారు. ఆ సగంలో సగం వదిలేసి లేస్తారు. పంచదార వేసుకోవడమంటే డబ్బా మూత తీసి టీకి ఒకసారి చూపించడం. రేడియో పెట్టుకుంటే అది పాడుతోందో లేదో తేల్చుకోవడానికి దాని మీద చెవి ఆనించాలి. ఆవిడతో మాట్లాడాలంటే నడుం వంచి వినాలి. ఆ ఫ్యాక్టరీలో నడుంనొప్పి ఉన్నవాళ్ళంతా ఆవిడతో పనిబడ్డవాళ్ళే. అందుకే చిటికెడు మేడం అని పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడ చెవిన పడితే, "చిటికెడా? ఎక్కువ కాదూ?" అన్నారు.

పిసినారి అనుకునేరు. కానే కాదు. చెల్లెలి ఇంటికి వస్తే పళ్ళ సంచీ మోయలేక రొప్పుతూ వస్తారు. కోత అంతా తన వంతుకే.

ఒకసారి డాక్టరు రక్తపోటు చూసి, "ఉప్పు తగ్గించాలమ్మా," అన్నాడు పాపం, ఎవరితో అంటున్నాడో తెలియక.

వదినగారి మొహం వెలిగిపోయింది. "ఎంతకండీ?"

"అంటే... కాస్త."

"కాస్త అంటే ఎంతకండీ?"

"మీకు వీలైనంత."

ఆ మాట అని ఉండాల్సింది కాదు. ఆ తర్వాత కొన్నాళ్ళకి కళ్ళు తిరుగుతున్నాయని వెళితే డాక్టరే చేతులు జోడించాడు. "అమ్మా, దయచేసి కొంచెం పెంచండి!"

"పెంచడం నాకు చేతకాదండీ," అన్నారు వదినగారు మొహమాటంగా.

ఇన్ని వింతల మధ్య నలిగిపోయేవాడు ఆవిడ మరిది, అంటే చెల్లెలి భర్త. అదే ఫ్యాక్టరీలో అమ్మకాలు చూస్తాడు. పెద్ద గొంతు, పెద్ద చేసంచీ, పెద్దపెద్ద మాటలు. దేన్నైనా పెంచి చెప్పడం అతని వృత్తి. దేన్నైనా తగ్గించి పారెయ్యడం వదినగారి వృత్తి. ఆవిడ చేసిన వస్తువు ఇతను అమ్మాలి. ఆవిడ ఏం చేస్తారో ఇతనికి ఒక్క ముక్క అర్థం కాదు. ఆ అయోమయంలోనే అతని జుట్టు సగం ఊడింది.

వదినగారి గది మెట్ల కింద ఉంది. మిగతా ఇంజినీర్లకి పైన కిటికీల గదులు. ఆవిడకి మాత్రం, పాత బకెట్లు పెట్టుకునే చోట ఒక బల్ల. పైన ఎవరు మెట్లెక్కినా ఆవిడ నెత్తి మీద నుంచి ఎక్కినట్టే. అలా పెట్టింది కూడా పెద్దసారే. ఆ గది తలుపు మీద చిన్న అట్టముక్క అంటించి ఉంటుంది. దాని మీద ఏం రాసుందో చదవాలంటే ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళాలి. వెళితే కనపడుతుంది: 'ఊపిరి బయట వదిలి రండి.' అప్పటికే చదివినవాడి ఊపిరంతా అట్ట మీదా, తలుపు సందులోంచి గదిలోకీ వెళ్ళిపోయి ఉంటుంది.

"ఈ చీకట్లో ఎలా కూర్చుంటున్నావు వదినా? నేను పెద్దసారుతో మాట్లాడనా?" అన్నాడు మరిది ఒకరోజు, ఊపిరి బిగబట్టి.

"వద్దు మరిదీ. వెలుగు పడితే మావాళ్ళలో కొందరు ఉలిక్కిపడతారు."

మావాళ్ళంటే ట్రాన్సిస్టర్లు. బల్ల మీద గుట్టగా పోసుకుని, పప్పులో రాళ్ళు ఏరినట్టు ఏరుతున్నారు ఆవిడ. ఒక్కొక్కదాన్నీ పట్టకారుతో ఎత్తి, మీటరుకి తగిలించి, ముల్లు చూసి, "వీడు అలుగుతాడు," అని ఒక డబ్బాలో వేస్తారు. ఎప్పుడో ఒకసారి, "ఇదిగో, వీడు బంగారం," అని దూదిలో పడుకోబెడతారు.

"అసలు వీళ్ళు చేసేదేంటి వదినా? అమ్మేవాణ్ణి, నాకైనా తెలియాలిగా."

"మూడు కాళ్ళున్నాయా? అందులో ఒకదాన్ని బేస్ అంటారు. అది కాలు కాదు, చెవి అనుకో. ఆ చెవిలో మనం రవ్వంత కరెంటు గుసగుసలాడితే, వాడు దాన్ని వందరెట్లు చేసి మిగతా రెండు కాళ్ళ మధ్యా వీధికి వినపడేలా అరుస్తాడు."

"ఓహో. మా ఆవిడలాగా."

"నా చెల్లెల్ని అంటున్నావా?"

"ట్రాన్సిస్టర్ని అంటున్నాను వదినా! అయితే ఆ చెవిలో కాస్త గట్టిగా చెప్పొచ్చుగా? ఈ ఏరుకోవడం దేనికి?"

వదినగారు పట్టకారు దించి అతని వైపు జాలిగా చూశారు. "గట్టిగా చెబితే ఎవడైనా వింటాడు మరిదీ. మెల్లగా చెబితే వినేవాడు కావాలి నాకు. గుసగుస మరీ తగ్గేసరికి చాలామందికి చెముడొస్తుంది. వందరెట్లు అరిచేవాడు పదిరెట్లకి దిగుతాడు. ఇంకా తగ్గిస్తే గొణిగి ఊరుకుంటాడు. పైగా అప్పటికి గదిలో అందరి గుసగుసలూ వాడి చెవిన పడుతుంటాయి. బోర్డు మీద దుమ్ము, చేతి జిడ్డు, గాల్లో తేమ, నీ ఊపిరి. ఎవరు పిలుస్తున్నారో తెలియక తికమకపడతాడు."

తికమకపడే విషయంలో మరిదికి ఆ ట్రాన్సిస్టరు మీద వెంటనే ప్రేమ పుట్టింది. "ఇంతకీ ఎంతకి తగ్గించావు?"

"ఒక ఆంపియర్ని నూరుకోట్ల ముక్కలు చెయ్యి. అందులో ఒక ముక్క."

"మరి మిగతా ముక్కలు?"

"అక్కర్లేదు."

ఆ మిగతా ముక్కలు ఎక్కడికి పోతాయన్నది మరిదిని ఆ రోజంతా వేధించింది. ఇంటికెళ్ళి భార్యని అడిగాడు. ఆవిడ కంచం ముందుకు తోసి, "మా అక్కని అర్థం చేసుకోవడానికి ప్రయత్నించకు. పళ్ళు తెచ్చిందిగా, తిను," అంది.

ఇలా ఉండగా పెద్దసారు జబ్బుచేసి రావడం మానేశాడు, ఆయన కుర్చీలో కొత్త మేనేజరు కూర్చున్నాడు. అందరూ రెండు రోజులు అయ్యో అన్నారు, తర్వాత కొత్త మేనేజరుకి ఏ టీ ఇష్టమో కనుక్కునే పనిలో పడిపోయారు. సరిగ్గా అప్పుడే ఊళ్ళో ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. వార్డుల్లో ఉన్న పాత గంటలు తీసేసి, రోగులు నర్సుని పిలవడానికి మంచాల పక్కన కొత్తవి పెడతారట.

"ఎర్రబొత్తాం, పెద్ద మోత. ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాడు మేనేజరు.

"బొత్తాం వద్దండీ," అన్నారు వదినగారు.

మేనేజరు నడుం వంచాడు. "ఏమన్నారు?"

"బొత్తాం వద్దండీ. రెండు సన్నటి ఇత్తడి పట్టీలు పెడదాం. వాటి మీద వేలు ఆనిస్తే చాలు. వేలి చర్మంలోంచి వెళ్ళే కరెంటుతోనే మోగాలి."

"ముట్టుకుంటే మోగేవి బజార్లో బోలెడున్నాయిగా?"

"అవి మనలాంటివాళ్ళు ముట్టుకుంటే మోగుతాయండీ."

మేనేజరు మరిది వైపు చూశాడు. మరిది గోడ వైపు చూశాడు. మనలాంటివాళ్ళు కానివాళ్ళెవరో గోడకీ తెలిసినట్టు లేదు.

ఆ వారం చివర మెట్ల కింద గదిలో 'టింగ్' అని వినిపించింది. మరిది పరిగెత్తాడు. "అయిపోయిందా వదినా? ఇక అమ్మెయ్యొచ్చా?"

"మోగింది," అన్నారు ఆవిడ తృప్తిగా.

మరుసటి వారం వెళితే మళ్ళీ ట్రాన్సిస్టర్ల గుట్ట పోసుకుని ఏరుతున్నారు. "ఇంకాస్త తగ్గించాలి మరిదీ."

"పోయిన వారం మోగిందిగా!"

"పోయిన వారానికి మోగింది."

"అంటే ఈ వారానికి వేరే గంటా?"

"గంట అదే. చాలట్లేదు."

ఇలా వారం వారం. ప్రతిసారీ మోగుతుంది, ప్రతిసారీ చాలదు. పైగా సాయంత్రమయ్యేసరికి ఆవిడ సంచీ భుజాన తగిలించుకుని మాయమైపోతారు. ఎక్కడికో ఎవరికీ తెలీదు. సంగీతం నేర్చుకుంటున్నారని స్టోర్సు గుమాస్తా అన్నాడు. ఆ గొంతు విని పాఠం చెప్పగలిగిన గురువు ఎక్కడున్నాడని ప్యాకింగ్‌లో ఆడవాళ్ళు నవ్వారు. మరిది భార్యని అడిగాడు.

"నేనూ అడిగాను. 'దగ్గరికే' అంది," అంది భార్య. "దూరం కూడా తగ్గించేసింది."

చివరికి మేనేజరు మరిదిని పిలిచి తలుపు వేశాడు. "చూడవయ్యా. ఆసుపత్రి అధికారి గురువారం మధ్యాహ్నం వస్తున్నాడు. ఆ రోజు మీ వదినగారి గంట బుద్ధిగా మోగాలి. మోగకపోతే ఎర్రబొత్తాలే ఇస్తాం. మెట్ల కింద గదిలో బకెట్లు పెడతాం. ఆ ట్రాన్సిస్టర్లు చెత్తకి, ఆవిడ ప్యాకింగ్‌కి. అట్టపెట్టెలు కట్టుకుంటుంది."

వదినగారు అట్టపెట్టెకి తాడు కడితే ఎంత తాడు వాడతారో, ఆ పెట్టెలు దారిలో ఎలా విప్పుకుంటాయో మరిది కళ్ళ ముందు కదిలింది.

గురువారం మధ్యాహ్నం రావాల్సిన అధికారి సాయంత్రమైనా రాలేదు. వదినగారు గోడ గడియారం వైపు చూసి, సంచీ అందుకుని, గంట ఉన్న డబ్బా మరిది చేతుల్లో పెట్టారు.

"వదినా! ఈ ఒక్కరోజు ఆగకూడదా? నీ గది పోతుంది, నీ పని పోతుంది!"

"అక్కడ ఆలస్యమైతే కుదరదు మరిదీ. నువ్వున్నావుగా. జాగ్రత్తగా విను. తుడవకు. ముట్టుకోకు. దాని ముందు నిలబడి మెచ్చుకోకు."

"మెచ్చుకోకూడదా?"

"మెచ్చుకోవాలంటే నోరు తెరవాలిగా."

ఆవిడ వెళ్ళిపోయారు. మరిది డబ్బా మూత తీశాడు. లోపల నల్లటి పలక, మధ్యలో రెండు ఇత్తడి పట్టీలు, ఒక మూల టంకం పొగ మరక. అమ్మకాల మనిషి మనసు చివుక్కుమంది. జీవితంలో మెరుగు పెట్టని సరుకు ఒక్కటి కూడా కొనేవాడి ముందు పెట్టలేదు అతను. తుడవకు అంది నిజమే. కానీ అది వదినగారి అలవాటు కొద్దీ అన్న మాట అయ్యుంటుంది. తుడవడం కూడా ఎక్కువే అనుకునే మనిషి. పాపం ఆవిడ గది నిలబెట్టాలి. మరిది ఒక మెత్తని గుడ్డ తీసుకుని, సబ్బునీళ్ళలో ముంచి, ప్రేమగా, ఓపిగ్గా, మూలమూలలా రుద్దాడు. పట్టీలు అద్దంలా మెరిశాయి.

అధికారి వచ్చాడు. మేనేజరు వచ్చాడు. మరిది గొంతు సవరించుకుని, "ఇది సార్, ప్రపంచంలోనే అతి సున్నితమైన..." అని డబ్బాకి బ్యాటరీ తగిలించాడు.

టింగ్ టింగ్ టింగ్ టింగ్.

"ఇంకా ముట్టుకోలేదే?" అన్నాడు అధికారి.

"అంటే... మీరు వచ్చారని తెలిసిపోయింది సార్ దానికి."

టింగ్ టింగ్ టింగ్.

"ఆపండి," అన్నాడు మేనేజరు.

మరిదికి తోచలేదు. తడి ఆరితే ఆగుతుందేమోనని వంగి ఊదాడు. గంట మరింత హుషారుగా అందుకుంది. మేనేజరూ వంగి ఊదాడు. అధికారి కళ్ళజోడు తీసి, ఏదో సాయం చేద్దామని తనూ ఊదాడు. ముగ్గురు పెద్దమనుషులు బల్ల చుట్టూ చేరి బుగ్గలు పూరించి ఊదుతుంటే, పుట్టినప్పటి నుంచి ఒక్కో టింగ్‌తో సరిపెట్టుకున్న ఆ గంట పండగ చేసుకుంది. చివరికి మేనేజరు బ్యాటరీ పీకి కిటికీలోంచి విసిరేశాడు.

అధికారి వెళ్ళాక మేనేజరు చాలా నెమ్మదిగా మాట్లాడాడు. అది అరవడం కన్నా ఘోరంగా ఉంది. "రేపు ఆసుపత్రికెళ్ళి, ఎర్రబొత్తాలు ఇస్తామని చెప్పిరా. ఎల్లుండి ఆవిడ బల్ల ప్యాకింగ్‌లోకి మారుతుంది."

మర్నాడు పొద్దున్న వదినగారికి మొహం చూపించలేక మరిది బజారంతా తిరిగి, సాయంత్రానికి ఆసుపత్రికి చేరాడు. చూడటానికి వచ్చే చుట్టాలని లోపలికి వదిలే వేళ. హెడ్‌నర్సుతో మాట్లాడమన్నారు. ఆవిడ కోసం వెతుకుతూ ఒక పొడవాటి వార్డులోకి నడిచాడు.

అక్కడ ఎర్రబొత్తాలు ముందే ఉన్నాయి. ప్రతి మంచానికీ ఉంది. తల వెనక గోడ మీద, పడుకున్నవాడికి కనపడకుండా, కూర్చున్నవాడికి అందకుండా. కొన్నింటికి తీగతో వేలాడే మీటలు ఉన్నాయి. నేల తుడిచేటప్పుడు అడ్డమని ఆ తీగల్ని ఎవరో పైన కొక్కేలకి చుట్టేశారు. ఒక మంచం మీద ముసలాయన, "అమ్మా... అమ్మా..." అంటున్నాడు. ఫ్యాను రొదలో అది పక్క మంచానికి కూడా వినపడట్లేదు. మరిది తనే గ్లాసు అందించి ముందుకు కదిలాడు.

అప్పుడు వినిపించింది, వార్డు చివర నుంచి. టింగ్.

వెంటనే ఒక నర్సు ఆ మూలకి నడిచింది. మరిది వెనకే వెళ్ళాడు. కిటికీ పక్క మంచం దగ్గర, స్టూలు మీద, దూదిని స్పిరిటులో ముంచి, ఫ్యాక్టరీలో ఉన్నలాంటిదే ఇంకో నల్లటి పలక మీది ఇత్తడి పట్టీలని తుడుస్తూ వదినగారు. మంచం మీద పెద్దసారు.

ఒకప్పుడు ఆయన గొంతెత్తితే మెట్ల కింద బకెట్లు మోగేవి. ఇప్పుడు ఒంట్లో సగం భాగం కదలడం లేదు. మిగిలిన సగంలో ఒక్క చూపుడువేలు, అదీ కాయితం మీద కాయితం పెట్టినంత తేలిగ్గా ఆనుతుంది. ఎండిపోయిన వేలు, రవ్వంత ఒత్తిడి. దాంట్లోంచి కరెంటు ఎంత పోతుంది? పోయిన వారం కాస్త పోయింది. తర్వాత జ్వరం వచ్చింది, వేలు ఇంకా నీరసపడింది. వదినగారు గంటని ఇంకాస్త తగ్గించారు. మళ్ళీ జ్వరం. మళ్ళీ తగ్గించారు.

'పోయిన వారానికి మోగింది.' మరిదికి ఇన్నాళ్ళలో మొదటిసారి వదినగారి మాట ఒకటి అర్థమైంది. ఆ షాకుకి పక్కనున్న మంచం పట్టుకున్నాడు.

పెద్దసారు పెదవులు ఒక పక్కకే కదిలాయి. "ఇది... నా... గంటేగా?"

"మీదేనండీ," అన్నారు వదినగారు.

"నేను... గీసిందే."

"అవునండీ. మీరు గీసిందే."

మరిది ఆవిడని వరండాలోకి దాదాపు లాక్కొచ్చాడు. "వదినా! మళ్ళీనా? ఆ మనిషి మంచం మీద పడుకుని కూడా..."

"మెల్లగా."

"ఎంతకని మెల్లగా! తలుపు గంట ఆయనదే, ఈ గంటా ఆయనదేనా?"

"కొత్తలో దీన్ని ముట్టుకునేవారే కాదు మరిదీ," అన్నారు ఆవిడ దూది మడుస్తూ. "పిలిపించుకోవడమే తప్ప ఒకర్ని పిలిచి, దాహమేస్తోంది నీళ్ళు కావాలి అని అడిగిన మనిషి కాదు. సిగ్గు. గొంతెండిపోయి పడుకునే ఉండేవారు. తన గంటే అనుకున్నాక మోగిస్తున్నారు. ఇవాళ దిండు బాలేదని కూడా మోగించారు." ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో గర్వం తొణికింది.

మరిది గొంతు తనంతట తానే తగ్గింది. "వదినా, నిన్న నేను ఫ్యాక్టరీలో గంటని సబ్బునీళ్ళతో తుడిచాను."

వదినగారు కళ్ళు మూసుకున్నారు. "గుసగుస వినేవాడి చెవిలో బాకా ఊదావా మరిదీ?"

"తర్వాత ముగ్గురం కలిసి ఊపిరి కూడా ఊదాం."

ఆవిడ నవ్వారు. శబ్దం రాలేదు కానీ భుజాలు కదిలాయి. ఆవిడ లెక్కలో అది పగలబడి నవ్వడమే.

ఇదంతా వింటున్న హెడ్‌నర్సు నడుం మీద చేతులు పెట్టుకుంది. "మీరేనా ఎర్రబొత్తాలు ఇస్తామని చెప్పడానికొచ్చింది? బొత్తాలు మాకు ఎందుకు సార్? నొక్కే ఓపికున్నవాళ్ళు లేచొచ్చి అడుగుతారు. లేవలేనివాళ్ళకి నొక్కే ఓపిక ఉండదు. ఈ వార్డులో పనికొచ్చేలా మోగేది ఆ ఒక్కటే. మీ మేనేజర్ని ఒకసారి పంపించండి."

మరిది చెప్పిరమ్మన్న కబురు చెప్పలేదు. పైగా మేనేజర్నే మర్నాడు తీసుకొచ్చాడు.

హెడ్‌నర్సు ఆయన్ని ఒక ఖాళీ మంచం మీద పడుకోబెట్టింది. "చేతులు కదపకండి సార్. కదలవు అనుకోండి. గొంతు కూడా పెద్దగా రాదు. ఇప్పుడు నన్ను పిలవండి." అని వెళ్ళిపోయింది.

మేనేజరు బూట్లతో, టైతో, కప్పు కేసి చూస్తూ పడుకున్నాడు. "సిస్టర్," అన్నాడు. ఫ్యాను తిరిగింది. "సిస్టర్..." పక్క మంచం ఆయన జాలిగా చూసి, "నేనూ పొద్దుట్నుంచీ పిలుస్తున్నా, మనిద్దరం కలిసి పిలుద్దామా?" అన్నాడు. మేనేజరు ముక్కు మీద ఈగ వాలింది. తోలుకోవడానికి లేదు. మాట మాటే కదా. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ మరిది ఆయన అవస్థ చూసి, ఆసుపత్రికొచ్చాక రెండోసారి వదినగారిని అర్థం చేసుకున్నాడు.

హెడ్‌నర్సు తీరిగ్గా తిరిగొచ్చేసరికి మేనేజరు కొత్త మనిషై లేచాడు. మెట్ల కింద గది మూతపడలేదు. పైన కిటికీ గది ఇస్తామంటే వదినగారే వెలుగెక్కువని వద్దన్నారు. ప్రతి మంచానికీ ముట్టుకుంటే మోగే గంటలే వెళ్ళాయి. ఒక్క విషయంలో మాత్రం మరిది ఆవిడ మాట వినలేదు. మేనేజరు బల్ల మీద గుద్ది, జుట్టు మిగిలినంత మేర రేపుకుని, కొత్త గంటల వెనక వదినగారి పేరే ఉండాలని పట్టుబట్టి సాధించాడు. రేకు నమూనా ఆవిడకి పంపితే ఆవిడ దిద్ది తిప్పి పంపారు. ఇప్పుడు ఆ గంటల మీద ఆవిడ పేరు నిజంగానే ఉంది. చదవాలంటే భూతద్దం కావాలి.

కొన్నాళ్ళకి హెడ్‌నర్సు నుంచి ఫోను. "మేడంగారిని వెంటనే రమ్మనండి! పెద్దాయన గంట ఆగట్లేదు. నా కాళ్ళు అరిగిపోతున్నాయి!"

మరిది, వదినగారు పరిగెత్తారు. మరిదికి దారంతా సబ్బునీళ్ళే గుర్తొచ్చాయి. తీరా చూస్తే గంట బాగానే ఉంది. పెద్దసారు వేలే బాగుపడింది. జ్వరం తగ్గి, రోజూ చేయిస్తున్న వ్యాయామాలతో ఓపికొచ్చి, అరచేతికి చెమట కూడా పడుతోంది. వేలు ఊరికే అలా పెట్టుకున్నా మోత. పైగా ఆయనకి అన్నిటి మీదా అభిప్రాయాలు తిరిగొచ్చాయి. కిటికీ తెరవమని టింగ్. ఎందుకు తెరిచారని టింగ్. తన గంట ఎలా మోగుతోందో పక్క మంచం ఆయనకి చూపించడానికి టింగ్.

వదినగారు స్టూలు మీద కూర్చుని ఆ వేలి వైపే చాలాసేపు చూశారు. తర్వాత, ఆవిడ నోటి వెంట ఎవరూ ఎన్నడూ వినని మాట ఒకటి వచ్చింది.

"కాస్త పెంచాలి మరిదీ."

మరిది నడుం వంచాడు. "ఏమన్నావు వదినా?"

"పెంచాలి. ఈ వేలికి ఇంత మెల్లగా వినక్కర్లేదు ఇక."

ఆ రోజు వదినగారు టీ కప్పు మొత్తం తాగారు. చెల్లెలు కంగారుపడి నుదురు పట్టి చూసింది, జ్వరం లేదు.

ఇక మీతో ఒక మాట. ఈసారి ఎవరినైనా చూడటానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు పళ్ళూ పలకరింపులూ తర్వాత. ముందు ఆ మంచం దగ్గర గంట ఎక్కడుందో చూడండి. గోడ మీదుంటే, కొక్కేనికి చుట్టి ఉంటే, దించి చేతి కింద పెట్టండి. పక్క మంచానికీ, చుట్టాలెవరూ రాని ఆ చివరి మంచానికీ కూడా. పడుకున్న మనిషి వేలితోనే ఒకసారి మోగించి, ఎవరైనా వస్తారేమో చూడండి. వాళ్ళ వేలికి అది మోగకపోతే, మోగే గంట పెట్టమని అధికారిని అడగండి. వినపడలేదంటే మళ్ళీ అడగండి. తగ్గించడం చిటికెడు మేడం చూసుకుంటారు. మీరు మాత్రం కాస్త గొంతు పెంచండి.